మళ్లీ తెల్లబెల్టు!

సికింద్రాబాద్ స్కూలు మైదానాల్లో సాయంత్రం వేళ పిల్లలు తెల్లదుస్తుల్లో వరసగా నిలబడి గాల్లోకి పిడిగుద్దులు విసరడం మామూలు దృశ్యమే. కరాటే మనకంతగా అలవాటైపోయింది. అలా ఏళ్లతరబడి చెమటోడ్చి నల్లబెల్టు సాధించినవాళ్లు జపాన్ జుజుత్సు నేర్చుకోవాలనుకుంటే... మొదటిరోజే ఓ పరీక్ష! పాత బెల్టు ఇంట్లో పెట్టి మళ్లీ తెల్లబెల్టు కట్టుకోవాలి. తొలి పాఠమేమో... కింద పడటం!

లొంగి గెలవడం
'జు' అంటే మెత్తదనం, 'జుత్సు' అంటే విద్య. ఎదుటివాడు తోస్తే ఎదురు తోయకుండా ఆ ఊపునే వాడుకుని పడేయడం ఇందులోని కిటుకు. కవచం తొడుక్కున్న సమురాయ్‌ని పిడికిలితో కొడితే నొప్పి మనకే కదా! అందుకే పట్టుకోవడం, తూకం తప్పించడం, కీళ్లు మెలితిప్పడం మీద ఈ విద్య పెరిగింది. 1532లో మొదలైనట్లు చెప్పే తకెనోఉచి సంప్రదాయం దీన్లో చాలా పాతది.

అలవాటే అడ్డం
కరాటే చేసినవాళ్లకి దూరంగా నిలబడి కొట్టడం అలవాటు. జుజుత్సులో అసలు కథ కాలరు పట్టుకున్నాకే మొదలవుతుంది. బిగుసుకుని నిలబడితే పడేయడం ఇంకా తేలిక. పాతబస్తీ తాలింఖానాల్లో కుస్తీ పట్టినవాళ్లకి పట్టు కొత్తకాదు. కానీ అక్కడ భుజాలు నేలకు తగిలితే ఓటమి, ఇక్కడ వెల్లకిలా పడ్డాకా పోరు సాగుతుంది. జూడో వచ్చినవాళ్లకి పడటం ముందే తెలుసు కాబట్టి కాస్త సులువు.

అలాగని పాత విద్య వృథా పోదు. నడుం తిప్పే ఒడుపు, పాదాల కదలిక, ఎదుటివాడి ఊపు పసిగట్టే చూపు... అన్నీ పనికొస్తాయి. జపాన్‌కి చెందిన హిరోనోరి ఓట్సుకా దీన్నే తిరగేసి చేశారు. చిన్నప్పటినుంచీ జుజుత్సు సాధన చేసి, 1922లో ఫునాకోషి దగ్గర కరాటేలో చేరారు. రెండింటినీ కలిపి 'వాడో ర్యూ' అనే కరాటే శైలిని తీర్చిదిద్దారు.

జూడో పుట్టిందిలా
జిగొరో కానోది మరో కథ. బక్కపలచగా ఉండటంతో బలమైన తోటి విద్యార్థులు ఏడిపించేవారు. దాంతో 1877లో జుజుత్సులో చేరారు. గురువు పోతే మరో గురువు దగ్గర, తర్వాత వేరే సంప్రదాయంలో... మళ్లీమళ్లీ శిష్యుడిగా మొదలుపెట్టారు. 1882లో ఓ గుడిలో పన్నెండు చాపలంత చోటులో తన బడి తెరిచారు. నేటి జూడో అక్కడ పుట్టిందే!

మనదేశానికీ ఇది కొత్తేం కాదు. రవీంద్రుడు 1905లోనే జపాన్ నుంచి జుజుత్సు గురువును శాంతినికేతన్‌కి రప్పించారు. 1929లో వచ్చిన తకాగాకి దగ్గర అమ్మాయిలు కూడా సాధన చేశారు.

రెండు తట్లు
ఈ విద్యలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఓ చిన్న సైగ. పట్టు బిగిస్తే చేత్తో చాపమీదో ఎదుటివాళ్ల ఒంటిమీదో రెండుసార్లు తట్టాలి. వెంటనే వదిలేస్తారు. కొత్తగా చేరినవాళ్లకన్నా మరో విద్యలో నల్లబెల్టు ఉన్నవాళ్లకే ఇది కష్టం. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి ముందు తట్టడానికి మనసొప్పదు. ఆ పంతానికి మోచేయో భుజమో మూల్యం చెల్లించుకోవాల్సి వస్తుంది. మెడ పట్టయితే కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పొచ్చు.

అందుకే పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు గోడమీది కప్పులు లెక్కపెట్టడం కాదు, ఓ తరగతి దగ్గరుండి చూడాలి. కింద మందమైన మ్యాట్లు ఉన్నాయా? పడటం నేర్పాకే పడేస్తున్నారా? తట్టిన మరుక్షణం వదులుతున్నారా? పిల్లలకు మెడపట్లు వద్దంటున్నారా? మోకాలు, నడుము, మెడ నొప్పులున్న పెద్దలు ముందు డాక్టర్ని అడగడం మంచిది.

కొట్టడం వచ్చినవాడు పడటం నేర్చుకోవాలంటే ముందు దించుకోవాల్సింది చేతులు కాదు... తల!