నడివయస్సులో పర్యావరణ ఇంజనీరింగు: ఏ పట్టా, ఎవరికి, ఎంత వ్యయంతో?

గత నెల ఒక సాయంకాలం నా పూర్వ విద్యార్థి ఒకడు తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వయస్సు 36. మెకానికల్ శాఖలో బి.ఇ. పూర్తిచేసి, బెంగళూరు సమీపంలోని ఒక విడిభాగాల కర్మాగారంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. నెలకు 40,000 రూపాయల జీతం. భార్య, ఇద్దరు బడిపిల్లలు, ఊరిలో తల్లి, రెండెకరాల మామిడితోట. "సార్, ఈ ఉద్యోగం వదిలి పర్యావరణ ఇంజనీరింగులో ఎం.టెక్. చేయాలని ఉన్నది" అన్నాడు. తల్లి వెంటనే అందుకొని, "అయ్యవారూ, బిడ్డలు బడికి పోయే వయసులో వీడు బడికి పోతానంటాడు, మీరైనా చెప్పండప్పా" అన్నది.

ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. మన సరిహద్దు పల్లెలలో ఇటువంటి ఆలోచన ఇంకా అనేక ఇళ్లలో నడుస్తున్నది కనుక, ఆనాడు మేము కూర్చొని లెక్కవేసిన సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఈ చదువు ఏమిటి?

కోలారు జిల్లావాసులకు దీనిని వివరించడం సులభం. బెంగళూరు నగరపు మురుగునీటిని కోరమంగల – చల్లఘట్ట లోయలో శుద్ధిచేసి మన చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం 2018లో ప్రారంభమైనది. దినమునకు 44 కోట్ల లీటర్లు పంపాలన్నది దాని సంకల్పం. తొలినాళ్లలో లక్ష్మీసాగర చెరువులో నురుగు లేవడం, వివాదం హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు వెళ్లడం మనకు జ్ఞాపకమే. ఆ వివాదపు మూలప్రశ్న, రెండవ దశ శుద్ధి చాలునా, మూడవ దశ కూడా కావాలా అన్నది. రెండవ దశలో సూక్ష్మజీవులు నీటిలోని సేంద్రియ మాలిన్యాన్ని తినివేస్తాయి. నత్రజని, భాస్వరం, రోగక్రిములు మొదలైనవి తగినంత తొలగడానికి మూడవ దశ అవసరమవుతుంది. ఏ నీటికి ఎంత శుద్ధి కావాలో నిర్ణయించి, ఆ యంత్రాగారాన్ని రూపొందించి నడిపేవాడే పర్యావరణ ఇంజనీరు. మన బోరుబావులలోని ఫ్లోరైడు, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల వద్ద మిగిలిన సైనైడు దిబ్బలు, పట్టణాల చెత్త, కర్మాగారాల పొగ, ఇవన్నీ ఆతని పరిధిలోనివే.

మొదట పనిని నిర్ణయించుకోవాలి

చాలామంది పట్టా పేరు చూసి పరుగెత్తి, పని సంగతి తరువాత ఆలోచిస్తారు. ఈ క్రమం తలక్రిందులు కావాలి. ఈ రంగంలో ముఖ్యంగా నాలుగు విధాల పనులున్నవి.

ఒకటి, శుద్ధి కేంద్రాల నిర్వహణ. దీనికి పట్టాకంటె అనుభవానికే విలువ ఎక్కువ. రెండు, శుద్ధి కేంద్రాల రూపకల్పన. దీనికి ఎం.టెక్. నిజంగా తోడ్పడుతుంది. మూడు, పర్యావరణ ప్రభావ మదింపు. 2006 సెప్టెంబరు నాటి కేంద్ర ప్రకటన ప్రకారం గనులు, కర్మాగారాలు, పెద్ద కట్టడాలకు ముందస్తు అనుమతి కావాలి. ఆ నివేదికలు తయారుచేసే సంస్థలకు నాబెట్ గుర్తింపు ఉండాలి. అందులోని నిపుణులకు తగిన చదువు, అనుభవం రెండూ అడుగుతారు. నాలుగు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వంటి ప్రభుత్వ కొలువులు. వీటికి వయోపరిమితి ఉంటుంది. 36 ఏళ్లవాడు రెండేళ్లు చదివి వచ్చేసరికి తలుపు మూసుకొనవచ్చును. కనుక ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే, చదువులో చేరకముందే గత నియామక ప్రకటనలోని వయస్సు, విద్యార్హత నిబంధనలు చదవాలి.

చదువుల దారులు

పూర్తికాలపు ఎం.టెక్. లేక ఎం.ఇ.: రెండు సంవత్సరాలు. సుర‌త్కల్‌లోని ఎన్.ఐ.టి., మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టి.లు, చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం వంటిచోట్ల ఈ విద్య ఉన్నది. ప్రవేశానికి గేట్ పరీక్ష ప్రధానం. 2021 నుండి గేట్‌లో పర్యావరణ విజ్ఞానం, ఇంజనీరింగు పేరిట ప్రత్యేక ప్రశ్నపత్రం వచ్చింది. మూడు గంటల వ్యవధి, 100 మార్కులు. ఈ పరీక్షకు వయోపరిమితి లేదు. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అయితే సివిల్, కెమికల్, పర్యావరణ శాఖల పట్టభద్రులను అంతటా తీసుకుంటారు గాని, మెకానికల్ వారిని కొన్నిచోట్ల మాత్రమే అంగీకరిస్తారు. ఒక్కొక్క విద్యాసంస్థ అర్హతల పట్టికను విడివిడిగా చూడవలసిందే.

ఉద్యోగస్థుల ఎం.టెక్.: ఉద్యోగం చేస్తూ సాయంకాలాలలోనో, వారాంతాలలోనో చదివే పద్ధతి. సాధారణంగా మూడేళ్లు పడుతుంది. యజమాని అనుమతిపత్రం కావాలి. ఈ వసతి కల కళాశాలలు తక్కువ. కళాశాల ఇంటికో, పనిచేసేచోటికో దగ్గరగా లేకపోతే మూడేళ్ల బస్సు ప్రయాణమే మనిషిని అలసింపజేస్తుంది.

ఎం.ఎస్సీ. పర్యావరణ విజ్ఞానం: బి.ఎస్సీ. చదివినవారికి ఇది సహజమైన దారి. ప్రయోగశాలలకు, ప్రభావ మదింపుకు పనికివస్తుంది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా కూడా దీనిని అందిస్తున్నది. కాని ఎం.ఎస్సీ. చేసినంతమాత్రాన ఇంజనీరు హోదా రాదు. ఇంజనీరింగు పట్టా అడిగే కొలువుకు ఇది చెల్లదు.

దూరవిద్యలో ఎం.టెక్.: ఇక్కడ మిక్కిలి జాగ్రత్త అవసరం. ఏఐసీటీఈ ఆమోదం లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001 – 2005 నడుమ చేరినవారికి మళ్లీ పరీక్ష వ్రాసి నెగ్గే అవకాశం ఇచ్చారు. తరువాత చేరినవారి పట్టాలు రద్దయినవి. ఇంటి వద్దనే ఎం.టెక్. అని ఎవరైనా కరపత్రం ఇస్తే, సొమ్ము కట్టకముందు ఏఐసీటీఈ ఆమోదపత్రం చూపమని అడగండి.

ఇంటి లెక్క

నా విద్యార్థి ఉద్యోగం మానితే 24 నెలలలో పోగొట్టుకొనే జీతం 9,60,000 రూపాయలు. గేట్ అర్హతతో ఏఐసీటీఈ ఆమోదిత సంస్థలో పూర్తికాలం చదివేవారికి నెలకు 12,400 రూపాయల వేతనం లభిస్తుంది. 24 నెలలకు అది 2,97,600. రెంటికీ నడుమ తేడా 6,62,400. దీనిపై కళాశాల రుసుము, వసతిగృహం, పుస్తకాలు. గేట్ లేకుండా యాజమాన్యపు సీటు తీసుకుంటే ఆ వేతనం ఉండదు, రుసుము హెచ్చు. ఈ అంకెలు పలకపై వ్రాసినప్పుడు అతడు చాలాసేపు మాట్లాడలేదు. తల్లి మాత్రం, "తోట అమ్మాల్సి వస్తుందా?" అని ఒక్క ప్రశ్న వేసింది. నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాను: భూమి అమ్మి చేయవలసిన చదువైతే, ఈ వయస్సులో దానిని చేయరాదు.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకంగా

మన మాతృభాష తెలుగు కనుక తిరుపతిలోనో, హైదరాబాదులోనో సీటు సులభంగా దొరుకుతుందని కొందరు తలుస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల సీట్లలో 85 శాతం స్థానికులకే కేటాయిస్తారు. కర్ణాటకలో చదివిన మన పిల్లలు అక్కడ స్థానికేతరులు. కులధ్రువపత్రం సంగతి కూడా ఇంతే. ఒక రాష్ట్రపు షెడ్యూల్డు కులం లేక తెగ పత్రంతో మరొక రాష్ట్రపు కోటాలో సీటు అడగడానికి వీలుండదు. కనుక నివసించే రాష్ట్రంలోని ప్రవేశ పరీక్ష మనకు మేలు: కర్ణాటకలో పీజీసెట్, తమిళనాట సీటా-పీజీ. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో గేట్ ద్వారా ప్రవేశానికి భాషగాని, ప్రాంతంగాని అడ్డు రాదు.

మేము తేల్చుకొన్న క్రమం

మాటల మధ్యలో ఒక సంగతి బయటపడింది. ఆతని కర్మాగారంలోనే వ్యర్థజల శుద్ధి కేంద్రం ఉన్నది. పన్నెండేళ్లలో అతడు దాని గేటు దాటి లోపలికి పోలేదు. నీటిలోనికి గాలి ఊదే యంత్రాలు, పంపులు, వాటికయ్యే విద్యుత్తు, ఇవే అటువంటి కేంద్రానికి గుండెకాయ. మెకానికల్ చదివినవాడికి ఇవి పరాయివి కావు. కనుక మొదటి మెట్టు, ఆ విభాగానికి బదిలీ కోరడం. ఇందులో జీతం పోదు, ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఆరు నెలలలో తెలుస్తుంది.

రెండవ మెట్టు, ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు. ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పే నీటిశుద్ధి, వాయుకాలుష్య పాఠాలను ఉచితంగా వినవచ్చును. ధ్రువపత్రం కావాలంటే మాత్రమే రుసుము కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్లాలి. మూడవ మెట్టు, గేట్. రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం అతడు వదిలి చాలాకాలమైనది కనుక కనీసం ఒక సంవత్సరం కావాలి. నాల్గవ మెట్టు, వేతనంతో కూడిన ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే పూర్తికాలపు చదువు. రాకపోతే ఉద్యోగం చేస్తూ మూడేళ్ల చదువు. ఏ మెట్టు వద్ద ఆగినా అంతవరకు నేర్చినది వ్యర్థం కాదు.

వెళ్లబోయేముందు తల్లి అడిగింది: "మన చెరువు నీళ్లు మంచివో కాదో వీడు చెప్పగలుగుతాడా?" అందుకు నమూనా సేకరణ, ప్రయోగశాల పరీక్ష, ప్రమాణాలతో పోల్చడం తెలియాలని, మొదటి రెండు మెట్లలోనే అది కొంత పట్టుబడుతుందని చెప్పాను. "అయితే మొదలుపెట్టమనండి" అని ఆమె లేచింది. ఆ మరుసటి సోమవారం అతడు బదిలీకి అర్జీ ఇచ్చాడు.