ఇంజన్ ఆగినా రెక్కలు ఆగకూడదు

ఆకాశంలో ఎగురుతున్న హెలికాప్టర్ ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతే ఏమవుతుంది? మా తరగతిలో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న ఇది. రాయిలా కిందపడుతుందని తోటి పిల్లలు ఒక్కగొంతుతో జవాబిచ్చారు. మేము కూడా ఒకప్పుడు అలాగే అనుకునేవాళ్లం. వాస్తవం వేరు. ఇంజన్ ఆగిన హెలికాప్టర్‌ను క్షేమంగా దించడం ఈ విద్య నేర్చుకునే ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠం. దీన్ని 'ఆటోరొటేషన్' అంటారు.

సైకిల్ తొక్కుతూ కాళ్లు ఆపేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా! హెలికాప్టర్‌లోనూ అలాంటి ఫ్రీవీల్ ఉంది. ఇంజన్ ఆగగానే దానికీ పైరెక్కలకూ సంబంధం తెగిపోతుంది. యంత్రం దిగుతున్న కొద్దీ కిందినుంచి వచ్చే గాలి రెక్కలను తిప్పుతుంది. ఉర్సులో కొన్న కాగితపు గాలిమరను పట్టుకుని పిల్లలు పరుగెత్తితే తిరిగినట్టే ఇదీను. రెక్కలు తగిన వేగంతో తిరుగుతున్నంతవరకు యంత్రం పైలట్ అదుపులోనే ఉంటుంది.

చిక్కంతా మొదటి క్షణంలోనే ఉంది. పైలట్ ఎడమచేతి దగ్గర 'కలెక్టివ్' అనే మీట ఉంటుంది. దాన్ని లాగితే హెలికాప్టర్ పైకి లేస్తుంది. పడిపోతున్నామన్న భయంలో కొత్తవారి చెయ్యి ఆ మీటను పైకే లాగబోతుంది. అదే ప్రాణాంతకం. ఇంజన్ బలం లేని రెక్కలు అప్పుడు త్వరత్వరగా మందగిస్తాయి. హద్దు దాటితే మళ్లీ వేగం అందుకోలేవు. కాబట్టి మీటను వెంటనే దించాలి. ఎత్తు పోయినా సరే, రెక్కల వేగాన్ని కాపాడుకోవాలి.

శిక్షణకు విరివిగా వాడే రెండు సీట్ల రాబిన్సన్ ఆర్-22లో రెక్కలు తేలికైనవి. మీట దించడానికి ఒకటి రెండు సెకన్లే వ్యవధి. ఆ తర్వాత గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో, ఎదురుగాలికి తిరిగి, ఖాళీ స్థలం చూసుకుని దిగాలి. నేల 40 అడుగులుండగా ముక్కు పైకెత్తి వేగం తగ్గించాలి. 8 అడుగుల దగ్గర యంత్రాన్ని సమం చేసి, నేల తాకబోయే ముందు మీటను పైకి లాగాలి. రెక్కల్లో మిగిలిన బలం ఆ ఒక్కసారికే సరిపోతుంది. నేలకు దగ్గరగా, నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజన్ ఆగితే మాత్రం ఈ ఉపాయానికి వ్యవధి చాలదు.

అమెరికా విమానయాన శాఖ 1995లో ఒక ప్రత్యేక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం కొత్త విద్యార్థి ఆర్-22లో ఉస్తాద్ పక్కన కూర్చుని కనీసం 20 గంటలు నేర్చుకున్న తర్వాతే ఒంటరిగా ఎగరాలి.

ఈ విద్య ఎంత ఎత్తునుంచైనా పనిచేస్తుందని 1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో రుజువైంది. పైలట్ జాన్ బూలే 'లామా' హెలికాప్టర్‌ను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అక్కడ ఇంజన్ ఆరిపోయింది. మళ్లీ అంటుకోలేదు. అయినా ఆయన రెక్కల మీదే ఆధారపడి క్షేమంగా నేల చేరారు. మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 'చీతా' పేరుతో తయారు చేసింది ఈ లామానే.

బూలే ఆరితేరిన పైలట్. నిన్నగాక మొన్న చేరిన విద్యార్థిని కాపాడేదేమిటి? పదేపదే వల్లెవేసిన సబక్. ఆపదలో ఆలోచించే తీరిక దొరకదు; చేతికి అలవాటైన పనే చెయ్యి చేస్తుంది. ఒకే పాఠం ఎన్నిసార్లు చదవాలని విసుక్కునే మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.