అడుగులతో పాటు పేర్లు కూడా

పిల్లలూ! బదిలీ మీద ఊరు మారినప్పుడల్లా మనం వార్షికోత్సవానికి కొత్త నాట్యం నేర్చుకుంటాం. అస్సాంలో బిహు, గుజరాత్‌లో గర్బా. అలా ఊరు మారినవాళ్లే పుట్టించిన నాట్యం లిండీ హాప్.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వర్ణవివక్ష భరించలేక, పని వెతుక్కుంటూ లక్షలాది నల్లజాతివారు ఉత్తరాదికి తరలిపోయారు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో వాళ్ల సంగీతం, అడుగులు కలిసి 1920ల చివర్లో ఈ నాట్యం రూపుదిద్దుకుంది. అక్కడి కాటన్ క్లబ్‌లో ఆడిపాడేది నల్లజాతి కళాకారులు, కూర్చుని చూసేది తెల్లవాళ్లు. 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో మాత్రం అందరూ కలిసి ఆడేవారు.

సవాయ్‌లో పేరు తెచ్చుకున్న నర్తకుడు ఫ్రాంకీ మానింగ్. జోడీని తన వీపు మీదుగా గాల్లో తిప్పి దించే విన్యాసాన్ని 1935లో చూపారు. తర్వాత జనం అభిరుచి మారింది. ఆయన తపాలా శాఖలో చేరి సుమారు 30 ఏళ్లు పనిచేశారు. 1980ల్లో స్వీడన్, కాలిఫోర్నియా యువతీయువకులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. డెబ్బై దాటిన వయసులో ఆయన దేశదేశాలు తిరిగి నాట్యం నేర్పారు. 2009లో కన్నుమూశారు.

నేడు లిండీ హాప్ శిబిరాలు ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి. అడుగులు మాత్రమే నేర్పితే ఆట మిగులుతుంది, దాన్ని పుట్టించినవాళ్లు మరుగున పడతారు. అందుకే మంచి గురువులు హార్లెమ్ చరిత్ర కూడా చెబుతారు.

ఈసారి నాట్యం నేర్చుకునేటప్పుడు, అది ఎవరిదో, ఎప్పుడు ఆడతారో మీ తరగతిలోని ఆ ప్రాంతపు స్నేహితులను అడగండి. వేదిక మీద అదీ చెప్పండి.