మెదడునకు నెత్తురు తగ్గినప్పటి వింత లక్షణములు

ఆలంపురమునకు యాత్ర వెళ్లు స్త్రీలు తుంగభద్రలో శిరఃస్నానము చేసి, జోగులాంబను సేవించి, చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయముల శిఖరములను తలయెత్తి చూచి వత్తురు. ఎండ, ఉపవాసము, నడక ఒక్కటై ఒకరిద్దరికి కన్నులు తిరుగుటయు కలదు. నీడను కొంతసేపు కూర్చున్నచో వారు తేరుకొందురు. కాని కన్నులు తిరుగుట యెల్లప్పుడు ఎండవలననే కాదు. ఒక్కొక్కప్పుడు అది మెదడునకు నెత్తురు చాలకుండుటవలన కలుగును. అట్టిచో నీడ చాలదు, నిదానము పనికిరాదు. ఈ భేదము నెఱుగుట ప్రతి గృహిణికి అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మెదడు తూకమున దేహములో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను దేహము వాడుకొను ప్రాణవాయువులో నూటికి సుమారు 20 పాళ్లు దానికే కావలెను. ఈ నెత్తురును నాలుగు నాళములు మోసికొని పోవును. రెండు మెడ ముందుభాగమునను, రెండు మెడ వెనుక వెన్నుపూసల రంధ్రముల గుండను పైకెక్కును. వీనిలో గడ్డ యడ్డుపడినను, లోపలి పొర చీలినను, ఆ నాళముపై నాధారపడిన భాగము ఆకలిగొని కొలది నిమిషములలోనే చావ నారంభించును.

మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాత లక్షణములని మన మందఱము ఎఱుగుదుము. అయితే మెదడులో ఒక్కొక్క చోటు ఒక్కొక్క పని చేయును. ఎచ్చట నెత్తురు తగ్గునో అచ్చటి పనియే చెడును. అందుచే లక్షణములు మనము ఊహింపని రూపమున రావచ్చును.

ఒకరికి ఒక కంటిముందు తెర దిగినట్లు చీకటి క్రమ్మి, కొన్ని నిమిషములకు తొలగిపోవును. ఒకరికి మానని వెక్కిళ్లు పుట్టి, గొంతు బొంగురుపోయి, గుటక దిగదు. ముఖమున ఒక ప్రక్కయు దేహమున రెండవ ప్రక్కయు వేడి చల్లన తెలియవు. మఱియొకరు విస్తరిలో కుడివైపున నున్న పదార్థములను మాత్రమే తిని, ఎడమవైపు వానిని చూడనైన చూడక లేచెదరు. మెదడు కుడిభాగము చెడినచో ఎడమ ప్రక్క లోకమే వారికి లేనట్లగును. కొందఱు చక్కగా వ్రాయుదురు గాని తాము వ్రాసినదానిని తామే చదువలేరు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు డెజెరీన్ 1892లోనే ఇట్టి రోగిని వర్ణించెను. మెడనాళము మిక్కిలి ఇఱుకైనవారికి లేచి నిలుచున్నంతనే ఒక చేయి వణకి, కూర్చున్నంతనే తగ్గుటయు కలదు.

ఇందులకు మన తెలుగునాటి నిదర్శన మొకటి చెప్పెదము. 2022లో హైదరాబాదున ఏబదియేండ్ల స్త్రీ యొకతె సౌందర్యశాలలో మెడ వెనుకకు వాల్చి తల కడిగించుకొనుచుండగా తల తిరిగి వాంతులైనవి. కడుపులోని దోషమని తలచి మొదట ఉదరవైద్యునకు చూపిరి. మఱునాడు ఆమెకు నడకలో తూలు కనబడెను. అపోలో వైద్యశాలలోని నరముల వైద్యుడు సుధీర్ కుమార్ చూడగా, మెడ వెనుక నాళము నొక్కుకొనిపోయి చిన్నమెదడులో కొంతభాగము దెబ్బతిన్నట్లు తెలిసెను. అమెరికాలో వైన్‌ట్రాబ్ అను వైద్యుడు 1993లోనే ఇట్టివారు ఐదుగురు స్త్రీలను గూర్చి ప్రకటించియుండెను. ఇది మిక్కిలి అరుదు, భయపడ నక్కఱలేదు. పీటమీద కూర్చుండి తల ముందునకు వంచి తలంటి పోసికొను మన పద్ధతిలో మెడ అట్లు వెనుకకు విఱుగదు. తొట్టికి తల వాల్చవలసివచ్చినచో మెడక్రింద మడత తువాలు పెట్టించుకొనుట మంచిది.

బాలింతల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. ప్రసవమైన కొన్ని వారములవఱకు నెత్తురు గడ్డకట్టు స్వభావ మెక్కువ. మెదడునుండి నెత్తురు మరలు నాళములలో గడ్డ పడినచో విడువని తలనొప్పి, వాంతులు, మూర్ఛ కలుగును. బాలింతకు నీళ్లు తగ్గించి యిచ్చు పాత ఆచారము దేహమును ఎండగట్టి ఈ కీడునకు తోడ్పడును. దాహమునకు తగిన నీరు త్రాగనిచ్చుటయే క్షేమము.

ఇట్టి వింత లక్షణములను చూచి మనవారు దిష్టి యందురు, గాలి సోకిన దందురు, పైత్య మందురు. పడిపోయిన చేతికి పావురపు నెత్తురు పూయువారును కలరు. ఆ పూత మెదడులోని గడ్డను కరగింపలేదు సరికదా, విలువైన గడియలను హరించును. స్త్రీలు తమ బాధను దాచుకొని, వంట ముగించి పరుండుదమని యూరకుందురు. ఇదియే మిక్కిలి ప్రమాదము.

గుర్తుంచుకొనవలసిన మాట ‘హఠాత్తుగా’ అనునది. చూపు, నడక, మాట, స్పర్శ, గుటక, బుద్ధి – వీనిలో ఏదైనను హఠాత్తుగా చెడినచో మెదడును శంకింపవలెను. లక్షణము పది నిమిషములలో పోయినను ఊరట చెందరాదు. అది ముందు రాబోవు పెద్ద దెబ్బకు హెచ్చరిక కావచ్చును; తరువాతి రెండు దినములలో భయ మధికము.

గడ్డను కరగించు మందును లక్షణము మొదలైన 4½ గంటలలోపల ఈయవలెను. అంతకుముందు సి.టి. పరీక్ష చేసి లోపల నెత్తురు కాఱలేదని చూడవలెను. ఆ పరీక్ష కాకముందు ఇంటిలో ఆస్పిరిన్ మ్రింగింపరాదు. గుటక చెడియుండవచ్చును గనుక కాఫీగాని మజ్జిగగాని నోట పోయరాదు. రోగి కడపటిసారి బాగుగనున్న వేళను కాగితమున వ్రాసికొని 108కి ఫోను చేయవలెను. ఆలంపురము తెలంగాణములోనిదైనను, నదికావలి కర్నూలు పట్టణము 30 కిలోమీటర్లలోపుననే యున్నది. అచ్చట వైద్యకళాశాలతో కూడిన ప్రభుత్వ వైద్యశాల కలదు. దూరము పెద్దది కాదు. తెల్లవారి బస్సుకు పోవుదమను ఆలోచనయే దానిని దాటరాని దూరముగ చేయుచున్నది.

ఇంటిలో అందఱి ముఖములను దినమునకు పదిసార్లు చూచునది ఇల్లాలు. అత్తగారి అడుగు తూలినను, విస్తరిలో ఎడమసగము మిగిలినను మొట్టమొదట కనిపెట్టునదియు ఆమెయే. ఆ చూపునకు ఈ యెఱుక తోడైన మేలు. అట్టి మార్పు తనయందే కనబడినప్పుడు దాచక చెప్పుటయు ఆమె కర్తవ్యమే యని మా మనవి.