వెండితెరపై వికలాంగులు

తెరమీద చూపులేనివాడు కనబడగానే మనము కంటతడి పెట్టుదుము; దానితో మన కర్తవ్యము తీరినదనుకొందుము. కాని అతడు కోరునది జాలి కాదు. ఒక స్నేహితుడు, తన బ్రతుకు తాను నడుపుకొను వీలు.

ఈ కోరికను గుర్తించిన చిత్రములు లేకపోలేదు. 1964 నాటి హిందీ చిత్రము ‘దోస్తీ’లో చూపులేని బాలుడును, ఊతకర్రలతో నడచు బాలుడును ఒకరికొకరు ఆసరా అగుదురు. బాపు దానిని 1977లో ‘స్నేహం’గా తెలుగు చేసిరి. ప్రమాదము వలన కాలు కోల్పోయిన సుధాచంద్రన్ ‘మయూరి’లో తన కథను తానే నటించి, జైపూరు కృత్రిమపాదముతో నర్తించిరి. 2016 నాటి ‘ఊపిరి’లో చక్రాల కుర్చీలోని కథానాయకుడు తనపై జాలిపడనివానినే సహాయకునిగా ఎన్నుకొనును. ఎన్నుకొను ఆ స్వేచ్ఛయే మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది.

అయితే అతడు సంపన్నుడు. అమరచింత వంటి నేతయూరిలో కాళ్లు సాగని యువకుని మాటేమి? గుంటమగ్గము త్రొక్కుటకు కాళ్లు కావలెను. కండె చుట్టుటకు చేతులు చాలును. కాని ఏ పని తనకిష్టమో నిర్ణయించువాడు అతడే కావలెను, మనము కాదు.

వికలాంగులను హేళన చేయు చిత్రణ తగదనియు, వారి కథ చెప్పునపుడు వారినే సంప్రదింపవలెననియు 2024 జూలైలో సుప్రీంకోర్టు తెలిపినది. చిత్రము మంచిదైనంత మాత్రమున చాలదు. సినిమాహాలు మెట్లెక్కలేక వెలుపలనే నిలిచిన మిత్రునికి, ఆ ప్రక్కన ఒక వాలుదారి కూడ ఉండవలెను.