అమ్మ చేతి లేసు – సంఘబలంతోనే మనుగడ



హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో "తల్లి వృత్తి" అన్న గడి ఉంటుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మేము ఆ గడిలో "ఇంటిపని" అని రాశాం. కానీ మా నోటుపుస్తకాలకు, బస్సు చార్జీలకు డబ్బు వచ్చింది అమ్మ అల్లిన లేసు మీదనే. ఆ కళ బతకాలంటే ఏం చేయాలో తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

లేసు పుట్టుపూర్వోత్తరాలు

19వ శతాబ్దంలో గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఈ పనిని మొదట మతం మారిన పేద దళిత స్త్రీలకు నేర్పారు. క్రమంగా ఇతర కులాల స్త్రీలూ నేర్చుకున్నారు. పనిముట్లు రెండే: కొన వంపు తిరిగిన చిన్న సూది, నూలు దారం. ఒకరు పూలు అల్లితే, మరొకరు వాటిని అతుకుతారు. దీన్నే అతుకుపని అంటారు. తర్వాత ఉతికి, ఇస్త్రీ చేస్తే బల్లగుడ్డలుగా, దిండు గలీబులుగా విదేశాలకు వెళతాయి.

కష్టం ఎవరిది? లాభం ఎవరిది?

దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినది అతనే పట్టుకుపోతాడు. కూలి గంటల లెక్కన కాదు, పని లెక్కన. ఆ లేసు ఏ దేశంలో ఎంతకు అమ్ముడైందో అల్లిన మనిషికి తెలియదు.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి పరిశోధించి, 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకం ప్రచురించారు. పొలంలో కూలికి వెళ్ళే దళిత స్త్రీల కన్నా ఇంట్లో కూర్చుని లేసు అల్లే స్త్రీలకు తక్కువ డబ్బు వచ్చేదని ఆమె చూపారు. కారణం ఏమిటి? వీళ్ళు "గృహిణులు", లేసు "తీరిక వేళల కాలక్షేపం" అని అందరూ అనుకోవడమే! కార్మికురాలు కాని మనిషికి కూలి పెంచమని అడిగే హక్కు ఎక్కడిది?

సంఘం ఏం చేయగలదు?

పూర్వం మన దేశంలో చేతివృత్తులవారికి "శ్రేణులు" అనే సంఘాలు ఉండేవి. నేడు ఆ పని సహకార సంఘం చేయాలి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రకారం వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిసి సంఘం పెట్టుకోవచ్చు. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. నరసాపురం దగ్గరి లేసు పార్కులో "అలంకృతి" మహిళా సంఘాల సమాఖ్య ఈ దారిలో నడిచినదే.

సంఘం టోకున దారం కొనగలదు. ఒక్కో డిజైనుకు ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టి కూలి నిర్ణయించగలదు. కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడగలదు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంట్లో జ్వరం వచ్చినా, పెళ్ళి వచ్చినా అర్ధరాత్రి అడ్వాన్సు ఇచ్చేది ఏజెంటే. విదేశీ ఆర్డరు డబ్బు వచ్చేదాకా ఆగమని సంఘం చెబితే అమ్మ మళ్ళీ ఏజెంటు గుమ్మమే తొక్కుతుంది. కాబట్టి సరుకు అప్పజెప్పిన రోజే కూలి ఇవ్వడానికి, అవసరానికి చేబదులు ఇవ్వడానికి సంఘం దగ్గర మూలధనం ఉండాలి. ప్రభుత్వం, బ్యాంకులు సహాయపడవలసిన చోటు ఇదే.

పేరు చాలదు

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది గర్వకారణమే. యంత్రపు లేసును ఆ పేరుతో అమ్మకుండా చట్టం అడ్డుకుంటుంది. కానీ ఆ పేరు వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఒంటరి స్త్రీకి ఇది కష్టం, సంఘానికి సులువు.

మిత్రులారా! కూలి గిట్టకపోతే ఏ తల్లీ తన కూతురికి ఈ పని నేర్పదు. మా అమ్మలు మాతో అన్నది కూడా "నీకు ఈ సూది వద్దు, పెన్ను పట్టుకో" అనే. కళ అంతరించేది ఇలాగే. చదువుకున్న మనం సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు కూలి లెక్కలు రాసిపెడదాం. చేతివృత్తులవారి గుర్తింపు కార్డుకు, సంఘం నమోదుకు కాగితాలు నింపిపెడదాం. ఇకమీదట ఏ దరఖాస్తులోనైనా ఆ గడిలో "లేసు కార్మికురాలు" అని రాద్దాం.