బుడగలు రాని ఈత.. ఏమరితే మృత్యువాత

స్కూబా ఈతగాడు విడిచిన గాలి బుడగలై నీటిపాలవుతుంది. వాడని ప్రాణవాయువూ దాంతోనే పోతుంది. 'రీబ్రీతర్' ఈ వృథాను అరికడుతుంది. విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును సోడాలైమ్ తొలగిస్తుంది. ఖర్చయిన ప్రాణవాయువు సిలిండరు నుంచి చేరుతుంది. అదే గాలి తిరిగి శ్వాసకు అందుతుంది.

1880లో బ్రిటన్‌లో సెవెర్న్ నది సొరంగం నిర్మాణ దశలో నీట మునిగి ఉంది. గాలిగొట్టాన్ని లాగలేక వెనుదిరిగిన అలెగ్జాండర్ లాంబర్ట్, హెన్రీ ఫ్లూస్ రూపొందించిన ఇలాంటి పరికరంతోనే మళ్లీ వెళ్లి లోపలి ఇనుప తలుపు మూశారు.

ముప్పు ఎక్కడ?

ప్రాణవాయువు తగ్గితే ముందస్తు బాధ లేకుండానే స్పృహ తప్పవచ్చు. లోతులో మోతాదు మించితే మూర్ఛ రావచ్చు. రెండూ నీటిలో ప్రాణాంతకమే. సెన్సర్లు ఉన్నా అవీ మొరాయించవచ్చు.

శిక్షణ ఇలా..

పరికరాన్ని విప్పి, అమర్చి, జాబితా ప్రకారం సరిచూడటం తొలి పాఠం. దిగేముందు ఒడ్డునే కొన్ని నిమిషాలు దానితో శ్వాసించాలి. నీటిలో తరచూ మీటరు చూడాలి. అనుమానం రాగానే విడి సిలిండరుకు మారడాన్ని పదేపదే సాధన చేయిస్తారు. స్కూబాలో ఊపిరి నిండుగా పీలిస్తే శరీరం కాస్త పైకి తేలుతుంది. ఇక్కడ తేలదు. అందుకే ఎంతటి అనుభవజ్ఞులైనా మళ్లీ ఓనమాలు దిద్దాల్సిందే.